అండాలు చేతి కొలత

కట్టంగూరు శివారులో, హైవే పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డులో ఒక ఎలక్ట్రానిక్ కాంటా ఉండేది. కొన్ననాడు దాని మీద ప్లాస్టిక్ కవరు ఎట్లా ఉందో, ఆరేళ్ల తర్వాత కూడా అట్లాగే ఉంది. అండాలు ఉండగా కాంటాతో పనేమిటని అక్కడ అందరి నమ్మకం. గాజుబట్టకు రెసిన్ అనే జిగురు పూసి బాత్రూం తలుపులు, నీళ్ల ట్యాంకులు, బస్సు సీట్లు చేసే ఫైబర్ షెడ్డు అది. మగ్గులో ఉన్న రెసిన్ గట్టిపడాలంటే హార్డ్‌నర్ ఎంత పోయాలో అండాలు మణికట్టుకు తెలుసు. సీసా వంచుతుంది, లేపుతుంది, అంతే. షెడ్డు యజమాని గోపీకృష్ణ నల్గొండలో డిప్లొమా చదువుకున్న మనిషి. తలుపులు కొనడానికి ఎవరొచ్చినా ఆమెను చూపించి, మా అక్క చెయ్యే కాంటా అని గొప్పగా చెప్పేవాడు. అండాలు విననట్టే ఉండేది. కాకపోతే ఆ పూట సీసాను జానెడు ఎత్తు నుంచి వంచేది.

ఆ చేతికి అంత పేరు ఊరికే రాలేదు. 2015 ఎండాకాలం దాకా అండాలు బత్తాయి తోటల్లో కూలి. ఆ ఏడు బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. కాపు మీదున్న చెట్లను నరికి కట్టెల లారీలకెత్తారు. కాయలు కోసిన చేతులతోనే ఆమె ఆ కొమ్మలు మోసింది. ఆ పని కూడా అయిపోయాక, ఫైబర్ షెడ్డులో గ్రైండింగుకు మనిషి కావాలని తెలిసి వెళ్లింది. తయారైన తలుపుల అంచులను మిషనుతో గీకి నున్నగా చేసే పని అది. గాజు పొడి గాలిలోకి లేస్తుంది, చర్మంలోకి దిగుతుంది. దురద అన్న మాట దానికి చాలదు. ఒంటికి కొబ్బరినూనె రాసుకుని, ముఖానికి తువ్వాల చుట్టుకుని చేసినా, సాయంత్రానికి మెడంతా కందిపోయేది. భర్త లింగస్వామి ఆటో నడుపుతాడు. ఆమె చీర తగిలితే తనకూ దురదేనని మంచం వాకిట్లోకి మార్చుకున్నాడు. రెండేళ్లపాటు ఆ మంచం లోపలికి రాలేదు.

ఆ రెండేళ్లూ ఆమె గీకుతూనే రెసిన్ కలిపే చోటును ఓరకంట చూస్తూ ఉండేది. అప్పటి మిక్సరు దశరథం. ఒక చేతిలో మగ్గు, ఇంకో చేతిలో ఫోను. ఒకనాడు ఫోనులో మాట తెగక, మగ్గులోనే రెసిన్ రాయై కూర్చుంది, కుంచె అందులో నిటారుగా నిలబడిపోయింది. ఇంకో మగ్గు కలిపాడు, అదీ రాయే. గోపీకృష్ణ తల పట్టుకున్నాడు. అప్పుడు అండాలు మిషను ఆపి వచ్చి, ఇవాళ ఎండ మండుతోంది కదా, మందు, అంటే హార్డ్‌నర్, సగం పోస్తే చాలని చెప్పింది. చెప్పడమే కాదు, కలిపి చూపించింది. ఆ రోజు పన్నెండు తలుపులూ పూర్తయ్యాయి. దశరథం వారం తిరక్కముందే వేరే పని చూసుకున్నాడు, అండాలు మిక్సరు స్టూలెక్కింది. లింగస్వామి మంచం కూడా ఆ నెలలోనే లోపలికి వచ్చింది.

ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో రోజూ పాలు తోడుపెట్టే మనిషికి వేరే నేర్పేదేముంది? ఎండాకాలం చుక్క చాలు, చలికాలం చెంచా కావాలి. తలుపుల రెసిన్‌దీ అదే గుణం. ఎండ ముదిరితే మందు తగ్గించాలి, ముసురు పడితే పెంచాలి. మగ్గుకు చేతి వెనక వైపు ఆనించి చూసి, ఇంకెన్ని నిమిషాల్లో గడ్డకడుతుందో చెప్పేది. చెప్పినంతసేపే పట్టేది. హైదరాబాదు నుంచి వచ్చిన రెసిన్ కంపెనీ మనిషి ఒకాయన ఈ వింత చూసి వీడియో తీసుకుపోయాడు.

2023 మార్చిలో షెడ్డుకు పెద్ద ఆర్డరు వచ్చే దారి కనిపించింది. మేళ్లచెరువు వైపున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి, వేడినీళ్లను చల్లార్చే కూలింగ్ టవరు ఫ్యాన్ల రెక్కలు కావాలట. ఒక్కోటి ఆరడుగుల రెక్క, మొత్తం ఇరవై నాలుగు. అంతకుముందు ఎక్కడో పరాయి రాష్ట్రం నుంచి తెప్పించుకునేవాళ్లు, ఒకటి విరిగితే కొత్తది వచ్చేసరికి నెల పట్టేది. దగ్గర్లో చేసేవాళ్లుంటే మేలని గోపీకృష్ణను పిలిచారు. ముందు ఒక జత చేసి చూపించాలి, అది పరీక్షలో నెగ్గితే మిగతావన్నీ ఇస్తామన్నారు. బాత్రూం తలుపుల షెడ్డు అన్న పేరు పోతుందని గోపీకృష్ణకు ఆ రోజుల్లో నిద్రే పట్టలేదు.

ఈ రెక్కలకు తలుపుల రెసిన్ పనికిరాదు, ఎపాక్సీ అనే వేరే రకం రెసిన్ కావాలి. పని పద్ధతి కూడా వేరు. కుంచెతో పూసేది కాదు. మౌల్డులో, అంటే అచ్చులో, పొడి గాజుబట్టను పొరలు పొరలుగా పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి చొరకుండా అంటించి, పంపుతో లోపలి గాలంతా లాగేస్తారు. అప్పుడు గొట్టంలోంచి రెసిన్ తనంతట తాను లోపలికి పాకి, బట్టను తడుపుకుంటూ ఆ చివరి దాకా పోతుంది. పలచగా ఉన్నంతసేపే పాకుతుంది. చిక్కబడితే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది, దాని ముందున్న బట్ట పొడిగా మిగిలిపోతుంది. పొడి మచ్చ అరచేతంత ఉన్నా ఆ రెక్కను పారేయాల్సిందే.

మొదటి జత ఏప్రిల్‌లో చేశారు. గోపీకృష్ణ డబ్బా మీది కాగితం చదివి వినిపించాడు. రెసిన్ వంద పాళ్లకు హార్డ్‌నర్ ముప్పై పాళ్లు, తూకం వేసి కలపాలి. అండాలు తల ఊపింది. పది మగ్గులు పట్టే బకెట్టుకు మూడు మగ్గులు అని మనసులో లెక్క కట్టుకుంది. లెక్క పెద్ద తప్పేమీ కాదు. కానీ ఆ రోజు ఎండ నలభై రెండు డిగ్రీలు. ఆరు ఎండాకాలాలుగా అలవాటైన ఆ మణికట్టు, ఎవరూ చెప్పకుండానే, ప్రతి మగ్గునూ అంచుకు రెండు వేళ్లు తక్కువ నింపింది. గోపీకృష్ణ పక్కనే ఉన్నాడు, చూశాడు, ఏమీ అనలేదు. ఆ చేతిని అనుమానించే అలవాటు ఆ షెడ్డులో ఎవరికీ లేదు మరి.

రెక్కలు అద్దంలా మెరుస్తూ వచ్చాయి. అందరూ ఫోటోలు దిగారు. గోపీకృష్ణ వాటిని ఫ్యాక్టరీకి తీసుకుపోయాడు. అక్కడ నాణ్యత చూసే ఇంజనీరు సుహాసిని అనే ఆమె. రెక్క మొదలును ఇనుప స్టాండుకు బిగించి, కొనకు ఇసుక సంచులు వేలాడదీసి, టార్పాలిన్ కప్పి వేడిగాలి కొడుతూ గంటసేపు ఉంచారు. రెక్క వంగింది. వంగడం తప్పు కాదు, సంచులు తీసేశాక మళ్లీ లేవాలి. ఇది లేవలేదు, వంగిన చోటే ఉండిపోయింది. సుహాసిని బొటనవేలి గోటితో నొక్కితే మెరిసే ఆ ఒంటి మీద గోటిముద్ర పడింది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. రెసిన్ పూర్తిగా గట్టిపడలేదని, కలపడంలో లోపం ఉందని అనుమానిస్తున్నామని, కలిపే మనిషిని మార్చి శిక్షణ ఉన్న వారితో ఇంకో జత చేయించి మే నెలాఖరులోపు పంపాలని, అదీ నెగ్గకపోతే ఆర్డరు సంగతి మరచిపోవచ్చని దాని సారాంశం. గోపీకృష్ణ ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని ఎవరికీ చూపించలేదు. రెసిన్ అమ్మినవాడు పాత సరుకు అంటగట్టాడని మాత్రం షెడ్డంతా వినేలా తిట్టాడు. అందరూ ఔనన్నారు. అందరికన్నా గట్టిగా ఔనన్నది అండాలు.

మరునాడు ఆమె పాత గిన్నెలు శుభ్రం చేస్తోంది. కిటికీ దగ్గర రెండు ప్లాస్టిక్ గిన్నెలున్నాయి. ఒకదాంట్లో ఆమె రెక్కలు చేసిన రోజు బకెట్టు అడుగున మిగిలిన రెసిన్ పోసి పెట్టింది. రెండోది మైసయ్యది. షెడ్డులో అందరికన్నా పెద్దవాడు మైసయ్య, గాజుబట్ట పరిచే పనివాడు. తన కంటి కొలత మీద తనకే నమ్మకం లేని మనిషి. ఆ రోజు రెక్క అంచున చిన్న రంధ్రం కనబడితే పూడ్చడానికి, కళ్లజోడు తుడుచుకుని, కాగితం రెండుసార్లు చదువుకుని, కాంటా కవరు విప్పి, యాభై గ్రాములు తూచి కలుపుకున్నాడు. అండాలు అప్పుడు నవ్వి, మైసన్న మందుల దుకాణం పెట్టిండు అని వెక్కిరించింది కూడా. ఇప్పుడు ఆ మిగులు మీద గోరు పెట్టి నొక్కింది. గోరు జారింది. తన గిన్నెలోది నొక్కింది. గోరు దిగింది.

ఒకే డబ్బా, ఒకే రోజు, ఒకే ఎండ. తేడా కలిపిన చేతిలోనే. అండాలు అక్కడే కిటికీ కింద కూర్చుంది. సిగ్గు వేసింది, మామూలు సిగ్గు కాదు, దొంగతనం చేస్తూ దొరికినప్పుడు ఉండేంత సిగ్గు. ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాలేదంటే అబద్ధం. గిన్నె చేతిలోనే ఉంది, చెత్తకుప్ప నాలుగడుగుల దూరంలోనే ఉంది, ఎవరూ చూడలేదు. ఎటూ రెసిన్ అమ్మినవాడినే అందరూ తిడుతున్నారు. ఆమె గిన్నె పట్టుకుని కొంతసేపు అట్లాగే ఉంది. లోపల గోపీకృష్ణ ఫోనులో ఆ అమ్మినవాడితోనే పోట్లాడుతున్నాడు, అవతల మనిషి బతిమాలుతున్నట్టు వినబడుతోంది. అది విన్నాక ఆమెకు ఇక కూర్చోబుద్ధి కాలేదు.

రెండు గిన్నెలూ తీసుకుపోయి అతని ముందు పెట్టింది.

"ఫోన్ పెట్టేయుండ్రి సార్. ఆయన సరుకు మంచిదే. తప్పు నాది. ఎండ జూసి మందు తక్కువ పోసిన."

గోపీకృష్ణ రెండు గిన్నెలూ గోటితో నొక్కి చూశాడు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది. చివరికి అతను, తప్పు తనది కూడా అన్నట్టు, మెల్లగా విడమరిచి చెప్పాడు.

"తలుపుల రెసిన్‌కు మందు అంటే తోడు లెక్క. ఎపాక్సీకి గట్ల కాదక్కా. ఇది పెండ్లి లెక్క. ఆడపిల్లలు ఎంతమంది ఉంటే గంతమంది పిల్లగాండ్లు ఉండాలె. తక్కువైతే మిగిలినోళ్లు జత దొరకక గట్లనే ఉండిపోతరు. ఎన్ని రోజులు ఎండల పెట్టినా గట్టిపడరు."

అప్పుడే జేబులోని ఉత్తరం తీసి చదివాడు. బాలానగర్ నుంచి ఎపాక్సీ తెలిసిన మిక్సరును తీసుకొస్తానని, ఆమె కొన్నాళ్లు మళ్లీ గ్రైండింగు చూసుకోవాలని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాడు. అండాలు చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది. గాజుపొడి, తువ్వాల, వాకిట్లో మంచం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. దురద సంగతి సరే, దాన్ని భరించగలదు. ఆరేళ్లు స్టూలు మీద కూర్చున్న మనిషి, అందరూ చూస్తుండగా ఆ స్టూలు దిగి పోవడం భరించలేదు.

బాలానగర్ మనిషి మే నెలాఖరుకు ముందు రాలేనన్నాడు. అది ఆమె అదృష్టమే అనుకోవాలి. రెండో జత తానే చేస్తానని, తూకం వేసి చేస్తానని, అదీ చెడితే ఎవరూ చెప్పకుండానే గ్రైండింగు మిషను ముందు కూర్చుంటానని ఆమె అంది. గోపీకృష్ణకు వేరే దారి కూడా లేదు. సరేనన్నాడు. ఆ సాయంత్రం అండాలు కాంటా కవరు తీసి చెత్తలో పడేసింది.

తూకం సరిగ్గా వేస్తే చాలనుకున్నారు గానీ, మే నెల వాళ్ల కోసం ఇంకోటి దాచిపెట్టింది. పరీక్షకని అయిదు కిలోలు, గ్రాము తేడా లేకుండా తూచి బకెట్టులో కలిపింది. కాగితం ప్రకారం నలభై నిమిషాల వ్యవధి ఉండాలి. ఏప్రిల్‌లో మందు తక్కువై లేవని వేడి ఇప్పుడు లేచింది, పది నిమిషాలకే బకెట్టు చెయ్యి పెట్టనివ్వలేదు. పదిహేనో నిమిషానికి పొగ లేచింది, ఘాటు వాసన ముక్కులు పట్టేసింది, బకెట్టు అడుగు కరిగి వంకర పోయింది. అందరూ హైవే మీదికి పరుగెత్తారు. వెనక్కి వచ్చి చూస్తే బకెట్టులో గోధుమరంగు బండ ఒకటి బుసకొడుతూ ఉంది. గోపీకృష్ణ కాగితాన్ని తిట్టాడు. కాగితం తప్పేమీ లేదు. అది రాసినవాళ్లు చల్లటి గదిలో, చిన్న గిన్నెలో కలిపి చూసి రాశారు. వాళ్లు మే నెలలో కట్టంగూరు రాలేదు.

ఈసారి అండాలు బెదరలేదు. ఆ బండ చల్లారేదాకా దాని చుట్టూ తిరిగింది. యాసంగి కోతలప్పుడు పచ్చి వడ్లు కుప్ప పోస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కుప్పలో చెయ్యి పెడితే నడుమ కాగుతూ ఉంటుంది. అవే వడ్లు రోడ్డు మీద పలచగా ఆరబోస్తే చల్లగా ఉంటాయి. రెసిన్, హార్డ్‌నర్ కలిసినప్పుడు వేడి పుడుతుంది. లోతు బకెట్టులో ఆ వేడికి బయటికి పోయే దారి లేదు. అది ఇంకా తొందరపెడుతుంది, తొందరకు ఇంకా వేడి పుడుతుంది.

"కుప్ప పోయొద్దు సార్, ఆరబోద్దాం. కిలో కిలో కలుపుత. ఎడల్పు పళ్లేలల్ల పోస్త," అంది.

పెళ్లిళ్లకు అన్నం వడ్డించే వెడల్పాటి స్టీలు పళ్లేలు తెప్పించారు. వాటిని నీళ్ల తొట్టిలో తేలేలా పెట్టారు. కిలో ఎపాక్సీ ఆ పళ్లెంలో వేలి మందాన పరుచుకుని, ముప్పావు గంటసేపు పాలలాగా పలచగా ఉంది. మైసయ్య చూసి, ఇక గెలిచినట్టే చెల్లె అన్నాడు. అండాలు ఊ కొట్టింది గానీ ఆమె ఇంకా గెలవలేదు. ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిదని గోపీకృష్ణ నకిరేకల్ నుంచి మంచుగడ్డలు తెచ్చి తొట్టిలో వేశాడు. దాంతో రెసిన్ చలికాలపు తేనెలా చిక్కబడి, గొట్టంలో ఎక్కడా కదలనంది. వేడెక్కితే తొందరగా గడ్డకడుతుంది, చల్లబడితే పాకదు. ఈ రెంటి నడుమ సందు ఎక్కడుందో పట్టుకోవాలి, అదీ అందాజుతో కాదు. అందాజు ఒకసారి ఆమె పరువు తీసింది.

ఇంట్లోని ఒక స్టీలు గ్లాసుకు అడుగున మేకుతో రంధ్రం పొడిచింది. లింగస్వామి, నీళ్లు తాగే గ్లాసుకు ఈ గతి ఏమిటని అడిగితే, మర్నాడు తెలుస్తుందని చెప్పింది. షెడ్డులో ఆ గ్లాసు నింపి, రెసిన్ మొత్తం కారిపోవడానికి ఎంతసేపు పడుతుందో గోపీకృష్ణ ఫోనులో చూడసాగాడు. మంచుగడ్డల దగ్గర అయిదు నిమిషాలు. మధ్యాహ్నం ఎండకు నలభై సెకన్లు. ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర తొంభై సెకన్లు, పైగా కలిపాక ముప్పావు గంట నిలుస్తోంది. వారం రోజులు అదే పని. గోడ మీద బొగ్గుతో అంకెలు రాసుకున్నారు. అండాలుకు చదువు మూడో తరగతే, కానీ ఆ గోడను మాత్రం చూడకుండా అప్పజెప్పేది. చివరికి తొంభై సెకన్ల రెసిన్ అయితేనే మౌల్డులోకి పంపుతానని తేల్చి చెప్పింది.

మే పద్దెనిమిది తెల్లవారుజామున మొదలుపెట్టారు. ఆ వేళకే షెడ్డు లోపల ఇరవై తొమ్మిది. మౌల్డు వేడెక్కకుండా అండాలు రాత్రే దాని అడుగున తడి గోనెలు కప్పించి ఉంచింది. పంపు వేశారు, గాలి పోయింది, ప్లాస్టిక్ షీటు గాజుబట్టకు చర్మంలా అతుక్కుంది. ఆమె కాంటా ముందు కూర్చుంది. కిలోకు మూడు వందల గ్రాములు, అంకె ఎటూ కదలకుండా నిలిచాకే డబ్బా దించింది. కలిపింది, పళ్లెంలో పోసింది, మైసయ్య గొట్టం ముంచాడు. రెసిన్ లోపలికి పోయి, తెల్లటి బట్టను తడిపి పారదర్శకంగా చేసుకుంటూ ముందుకు నడిచింది. కొన వైపు సలీసుగా పోయింది. నడుమ కూడా పోయింది. రెక్క మొదలు దగ్గర, బట్ట నలభై పొరలున్న చోట, జానెడు దూరంలో ఆగిపోయింది.

గోపీకృష్ణ పంపును చూశాడు, గొట్టాలను చూశాడు, గడియారాన్ని చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముందు తెల్లటి మచ్చ అట్లాగే ఉంది. ఇంకో పది నిమిషాలు పోతే లోపలున్నది చిక్కబడి, మొత్తం రెక్క పోతుంది. అండాలు మౌల్డు కింద చెయ్యి పెట్టి తడిమింది. కొన దగ్గర గోరువెచ్చగా ఉంది, మొదలు దగ్గర చల్లగా, నీళ్లకుండలా ఉంది. అక్కడ మౌల్డుకు మందమైన ఇనుప పలక ఉంది, రాత్రంతా తడి గోనె కింద అది చల్లబడి కూర్చుంది. గోనె కప్పించింది తానే. ఆ చల్లదనానికే రెసిన్ ముడుచుకుంది.

ఆమె గోనె లాగిపారేసింది. టీ కోసం పెట్టిన నీళ్లు పొయ్యి మీద మరుగుతున్నాయి. తువ్వాల అందులో ముంచి, పిండి, ఆ పలక చుట్టూ కట్టింది. వేడి పెడితే గడ్డకడుతుంది కదా అని గోపీకృష్ణ అడ్డం రాబోయాడు.

"గడ్డకట్టుడు తర్వాత సంగతి. ముందుగాల పలచనైతది. గా నడిమి టైముల మనం దాటాలె. జర పక్కకు జరుగుండ్రి."

ఒక చెయ్యి తువ్వాల మీద, ఇంకో చెయ్యి పలక మీద పెట్టి ఆమె వంగి కూర్చుంది. ఇక్కడ కాంటా లేదు, గ్లాసు లేదు, ఉన్నది ఆ అరచెయ్యి ఒక్కటే. ఇనుము చల్లదనం విరగగానే తువ్వాల తీసేసింది. తెల్లటి అంచు కదిలింది. మొదట వేలెడు, తర్వాత నాలుగు వేళ్లు, ఆపైన జానెడూ దాటి, అవతలి గొట్టంలో చుక్కలు చుక్కలుగా పడడం మొదలైంది. మైసయ్య గొట్టం బిగించాడు. అందరూ ఆ పారదర్శకమైన రెక్కనే చూస్తూ నిలబడ్డారు. అండాలు కొంగుతో ముఖం తుడుచుకుంది, కన్నీళ్లు కూడా అందులోనే తుడుచుకుంది. ఎండ తగిలేలోపు పక్క మౌల్డులోని రెండో రెక్క కూడా పూర్తి చేశారు. దాని మొదలుకు ముందుగానే గోనె తీసేశారు.

రెండో రోజు, మొదటి జతకు చేసినట్టే, వాటిని రేకుల పెట్టెలో పెట్టి హీటర్లు వేశారు. మెల్లమెల్లగా డెబ్బై డిగ్రీలకు తెచ్చి, ఎనిమిది గంటలు అక్కడే ఉంచాలి. అప్పుడే వేడిగాలికి మెత్తబడని గట్టిదనం వస్తుంది. ఆరు గంటలకే గోపీకృష్ణకు ఓపిక పోయి తలుపు తీయబోతే, అండాలు తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. అన్నం కూడా అక్కడే తిన్నది.

ఫ్యాక్టరీకి ఈసారి ఆమె కూడా బయలుదేరింది. ట్రాలీలో రెక్కలు దుప్పట్లలో చుట్టి, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయేంతసేపూ ఒక చెయ్యి వాటి మీదే వేసి కూర్చుంది. అక్కడ మొదలు బిగించారు, గోడ మీద రెక్క కొన దగ్గర పెన్సిల్‌తో గీత గీశారు. ఒక్కోటి పది కిలోల సంచులు, పన్నెండు వేలాడదీశారు. టార్పాలిన్ కప్పి వేడిగాలి వదిలారు. గంటసేపు అండాలు ఎండలోనే నిలబడింది, నీడలోకి రమ్మన్నా రాలేదు. టార్పాలిన్ తీసేసరికి కొన గీతకు అంగుళన్నర కిందుంది. రెండంగుళాల దాకా ఫరవాలేదని సుహాసిని చెప్పింది. సంచులు ఒక్కొక్కటే దింపారు. కొన లేస్తోంది. పన్నెండో సంచి దింపగానే అది వచ్చి గీత మీద ఆగింది. సుహాసిని స్కేలు పెట్టి చూసింది, వంగి మళ్లీ చూసింది. గోటితో నొక్కింది, గోరు జారింది.

"బాగుంది. మిక్సరును మార్చారు కదా?" అని ఆమె గోపీకృష్ణను అడిగింది.

గోపీకృష్ణ అండాలు వైపు చూశాడు. ఔనంటే ఒక్క మాటతో పోతుంది. అండాలు ముందుకొచ్చింది.

"మార్చలే మేడం. అప్పుడు కలిపింది నేనే, ఇప్పుడు కలిపింది నేనే. అప్పుడు ఎండ జూసి మందు తగ్గించిన, గది నా తప్పు. ఈసారి తూకమేసి కలిపిన."

సుహాసిని ఆమె వైపు తిరిగింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒక్కసారికి ఎంత కలిపారు, ఎంత వేడిలో కలిపారు, చిక్కదనం ఎట్లా చూశారు, మొదలు దగ్గర ఏం చేశారు. అండాలు పళ్లేల సంగతి, గ్లాసు సంగతి, తొంభై సెకన్ల సంగతి, తువ్వాల సంగతి చెప్పింది. గోనె తానే కప్పించానని కూడా దాచకుండా చెప్పింది. సుహాసిని అన్నీ రాసుకుంది. అయితే నమ్మినట్టు మాత్రం కనిపించలేదు. రెండో రెక్క బిగించమంది. పన్నెండు సంచులు పడ్డాక ఇంకో నాలుగు తెమ్మంది. గోపీకృష్ణ ముఖం పాలిపోయింది. పదహారు సంచులతో గంట గడిచింది. దింపాక రెండో రెక్క కూడా లేచి గీత మీదికి వచ్చింది. అప్పుడు సుహాసిని తన కుర్చీ అండాలు వైపు జరిపి, కూర్చోమని చెప్పి, తానే నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మిగతా ఇరవై రెండు రెక్కలూ దసరాలోపే పోయాయి. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో నాలుగు ఫ్యాన్లు వాటితోనే తిరుగుతున్నాయి. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది, అందులో అండాలు ముగ్గురు ఆడవాళ్లకు ఎపాక్సీ కలపడం నేర్పుతోంది. బాలానగర్ మిక్సరు ఒకసారి వచ్చి, రెండు రోజులుండి, స్టీలు గ్లాసు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు. పరీక్ష జరిగిన వారానికి ఆర్డరు ఉత్తరం వచ్చిన రోజు గురించి చెప్పకపోతే మాత్రం ఈ కథ పూర్తికాదు.

ఆ రోజు గోపీకృష్ణ గ్రైండింగు మిషన్లు ఆపించి, అందరినీ పిలిచి, ఉత్తరం పైకి చదివాడు. రెక్కల సంఖ్య, తేదీలు, పెయింటు రంగు అన్నీ అయ్యాక కింద షరతులున్నాయి. మూడో షరతు దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. "రెసిన్ కలిపే శ్రీమతి అండాలును ముందుగా మాకు తెలియజేయకుండా, మా అనుమతి లేకుండా మార్చరాదు."

అండాలు ఇంకోసారి చదవమంది. చదివాడు. మూడోసారి చదవమని అడిగింది మైసయ్య. తన చెవులకు సరిగా వినబడలేదన్నాడు, కానీ అతను చూస్తున్నది అండాలు ముఖాన్నే.